కొండ రైతుకు యోగాభ్యాసము: రోజుకు 12 నిమిషములు చాలును

అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతముల రైతు సోదరులకు, సోదరీమణులకు నవంబరు నుండి జనవరి చివరి వరకు కాఫీ పండ్లు కోయు కాలము. ఏడాదిలో చేతికి వచ్చు రొక్కములో ముఖ్యభాగము అనేక కుటుంబములకు ఈ మూడు నెలలలోనే లభించును. బాగుగా పండిన పండును మాత్రమే ఏరి కోయవలెను గాన ఒకే తోటలో మూడు నాలుగు తడవలు తిరుగవలసియుండును. సరిగా ఆ సమయములో ఇంటిలో ఒకరికి నడుము పట్టినచో కోత వెనుకబడును. పండు చెట్టుననే ఎండిపోవును, లేదా రాలి నేలపాలగును. అట్లు మిగిలిపోయిన పండ్లు, 2025లో అరకు ప్రాంతమున కనబడిన కాయతొలుచు పురుగునకు నిలయమగును. ఒకరి నడుము నొప్పివలన ఈ ఏటి రాబడియే కాక వచ్చే ఏటి పంటకు కూడ నష్టము కలుగవచ్చును.

కోతకు ముందు మనము బుట్టలు బాగుచేసికొందుము. గోనెసంచులు కుట్టుకొందుము. పండ్ల తోలు తీయు యంత్రమును కడిగి నూనె వేయుదుము. కాని ఈ పనులన్నిటిని చేయు శరీరమును మాత్రము ముందుగా సిద్ధపరచుకొనుట లేదు. ఇందులకు రోజుకు 12 నిమిషముల యోగాభ్యాసము చాలును. ఖర్చు లేదు. కావలసిన సాధనము ఒక చాప మాత్రమే. అయితే ఒక నియమము కలదు: కొద్దిసేపైనను ప్రతిదినము చేయవలెను.

పనియే వ్యాయామము కాదా?

"పొద్దు పొడిచిన కాడినుంచి కొండ ఎక్కి దిగుతున్నాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?" అని చాలమంది అడుగుదురు. ఈ ప్రశ్న సమంజసమైనదే. కొండ రైతు గుండె, కాళ్ళు పట్టణవాసి గుండె, కాళ్ళకంటె గట్టివనుటలో సందేహము లేదు. అయినను పొలము పని శరీరమును అన్ని వైపులకు సమానముగా కదల్చదు. పని ఏ వైపు వంచునో శరీరము ఆ వైపే దినమంతయు వంగియుండును.

ఉదాహరణకు వరినాట్లు, చోడి చేనులో కలుపుతీత, పసుపు, అల్లము త్రవ్వుట – వీటన్నిటిలోను నడుము ముందుకే వంగును. వెనుకకు వంగు అవసరమే కలుగదు. కాఫీ కోయునపుడు ఏటవాలు నేలపై ఒక కాలు ఎగువకు, ఒక కాలు దిగువకు ఉంచి, ఒక చేతితో కొమ్మను వంచి పట్టుకొని, మెడ ఎత్తి, రెండవ చేతితో పండ్లు కోయవలెను. గంటలకొలది ఇట్లు నిలిచినచో ఒకవైపు నడుము, భుజము బిగుసుకొనిపోవును. పురుషులు కావిడి మోయునపుడు చాలమంది ఒకే భుజము వాడుదురు. స్త్రీలు కట్టెలమోపు, నీళ్ళ బిందె తలపై మోయుదురు. ఆ బరువంతయు మెడమీదను, వెన్నుమీదను పడును.

ఇట్లు పని ఒక వైపునకు వంచిన శరీరమును రెండవ వైపునకు మెల్లగా కదల్చుటయే ఇచ్చట యోగాసనముల ప్రయోజనము. పని బలమునిచ్చును. ఆసనము ఆ బలమునకు తూకమునిచ్చును. ఒకటి రెండవదానికి బదులు కాదు.

కొద్దిసేపు, కాని ప్రతిదినము

కాఫీ నారుమడిని ఎట్లు పెంచుదుమో రైతులకు తెలియును. మొలక దశలో ప్రతిదినము మడి తడియునంతమాత్రమే నీరు చల్లుదుము. వారమంతయు ఎండబెట్టి ఆదివారమునాడు ఏడు దినముల నీరు ఒక్కసారి పోసినచో నారు కుళ్ళిపోవును. శరీరమును గూర్చియు ఇట్లే తలపవలెను.

కండరములు, నరములు, కీళ్ళచుట్టు ఉండు పట్టీలు కొద్దికొద్దిగా, మరల మరల కదల్చుటవలననే సాగుటకు అలవాటుపడును. అలవాటులేని శరీరముతో ఒక్క దినమున గంటసేపు ఆసనములు వేసినచో మరునాడు, ఆ మరునాడు ఒళ్ళునొప్పులు కలిగి పనికి ఆటంకమగును. దానితో విసుగు పుట్టి అభ్యాసమే మానివేయుదురు. పది పన్నెండు నిమిషములైనచో ఒళ్ళునొప్పులు అంతగా ఉండవు, పనికి ఆలస్యము కాదు, కావున నిలుచును. పతంజలి యోగసూత్రములలో కూడ అభ్యాసము గట్టిపడుటకు ఎడతెగకుండుట ముఖ్యమని చెప్పబడినది.

2025 జూన్ 20న విశాఖపట్టణములో ఆంధ్ర విశ్వవిద్యాలయ మైదానమున 22 వేలకు పైగా గిరిజన విద్యార్థులు ఒక్కసారిగా 108 నిమిషములు సూర్యనమస్కారములు చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పిరి. మరునాడు, అనగా జూన్ 21న, అంతర్జాతీయ యోగ దినము సందర్భముగా సముద్రతీరమున లక్షలాది జనులు యోగాసనములు వేసిరి. మన మన్యపు పిల్లలు సాధించిన ఈ గౌరవము గర్వింపదగినది. అయితే ఆ పిల్లలు అంతసేపు చేయగలుగుటకు కారణము అంతకుముందు చేసిన అభ్యాసమే. ఉత్సవము ఏడాదికి ఒక దినము. నడుము ఏడాదిలో 365 దినములు పనిచేయవలెను. కావున ఆ పిల్లలు నేర్చినదానిని వారి తల్లిదండ్రులు ఇంటివద్ద రోజుకు కొద్ది నిమిషములు ఆచరించినచో ఆ ఉత్సవమునకు ఫలితము చేకూరును.

ఇతర దేశములలోను ఈ పద్ధతి కలదు. జపాను దేశములో 1928లో రేడియోద్వారా కొద్ది నిమిషముల వ్యాయామము ప్రారంభింపబడినది. నేటికిని అచ్చట పిల్లలు, వృద్ధులు, కర్మాగారములలోని పనివారు సంగీతమును అనుసరించి దానిని చేయుచున్నారు. మన దేశములో ఆయుష్ మంత్రిత్వశాఖ పనిస్థలములలోని వారికై 5 నిమిషముల 'వై-బ్రేక్' అను యోగ విరామమును 2021లో ప్రచారములోనికి తెచ్చినది.

శాస్త్రజ్ఞులు ఏమి తేల్చిరి?

యోగమువలన సర్వరోగములు నయమగునని చెప్పువారి మాటలు నమ్మరాదు. పరిశోధనలలో తేలినది ఇది:

దీర్ఘకాలముగా నడుము నొప్పి గలవారికి మందులకు ముందుగా ప్రయత్నింపదగిన పద్ధతులలో యోగము ఒకటియని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యుల సంస్థ 2017లో సూచించినది. పలు పరిశోధనలను సమీక్షించిన కాక్రేన్ సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ఏ వ్యాయామమును చేయనివారితో పోల్చినచో యోగాభ్యాసము చేసినవారికి మూడు నెలలలో నొప్పి కొంత తగ్గి పనులు చేసికొను శక్తి కొంత పెరిగినది. ఈ మేలు పెద్దది కాదు, కొద్దిపాటిదే. వెన్నుకు సంబంధించిన ఇతర వ్యాయామములు చేసినవారికిని దాదాపు ఇంతే మేలు కలిగినది. ఇతర వ్యాయామములకు శిక్షకుడో, సాధనమో కావలసివచ్చును. సులభమైన ఆసనములకు ఇంటిలోని చాప చాలును. అందువలన కొండ గూడెములకు ఇది అనుకూలము.

వ్యాయామము ఒక్కొక్క తడవ కనీసము 10 నిమిషములు ఉండవలెనని పూర్వము చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020లో ఆ నియమమును తొలగించినది. ఎంత కొద్దిసేపు కదలినను, అసలు కదలకుండుటకంటె మేలని ప్రకటించినది. కావున 12 నిమిషములు ఒకేసారి దొరకనివారు ఉదయము 6, సాయంకాలము 6 నిమిషములుగా పంచుకొనవచ్చును. ఇంటిపని, తోటపని రెండును చేయు స్త్రీలకు ఇది సులభము. ఆ ఆరు నిమిషములు పొయ్యి చూచుటకు, బిడ్డను ఎత్తుకొనుటకు ఇంటిలోని మగవారు పూనుకొనవలెను.

అభ్యాస క్రమము

ఉదయము ముఖము కడిగికొనిన తరువాత, అంబలి త్రాగకముందు చేయుట మంచిది. కడుపునిండ తిన్నచో మూడు గంటలు ఆగవలెను. గడియారము లేకున్నను శ్వాసలు లెక్కించిన చాలును. ఎక్కడను బలవంతముగా లాగరాదు. "సాగినట్లుండుట" వరకు మంచిది. "నొప్పి" కలిగినచో ఆపవలెను.

1. తాడాసనము (1 నిమిషము): పాదములు కొద్దిగా ఎడముగా ఉంచి నిటారుగా నిలువవలెను. ఊపిరి పీల్చుచు రెండు చేతులు తలపైకి ఎత్తి మడమలు లేపవలెను. విడుచుచు దింపవలెను. ఐదు పర్యాయములు చేయవలెను.

2. అర్ధచక్రాసనము (1 నిమిషము): రెండు అరచేతులు నడుము వెనుక ఆనించి, ఊపిరి పీల్చుచు ఛాతీని పైకెత్తి కొద్దిగా వెనుకకు వంగవలెను. రెండు శ్వాసలు ఉండి నిటారుగా రావలెను. మూడు పర్యాయములు చేయవలెను. తల తిరుగువారు తలను వెనుకకు వాల్చరాదు. కలుపుతీతలో దినమంతయు ముందుకు వంగినవారికి ఇది ముఖ్యము.

3. అర్ధకటి చక్రాసనము (2 నిమిషములు): కుడిచేయి పైకెత్తి ఎడమవైపునకు వంగి మూడు శ్వాసలు ఉండవలెను. తరువాత ఎడమచేయి ఎత్తి కుడివైపునకు వంగవలెను. ముందుకు వాలరాదు. ఒక్కొక్క వైపు మూడు పర్యాయములు. కావిడి మోయు భుజము వైపు బిగువు హెచ్చుగా తెలియును. ఆ వైపు ఒక పర్యాయము హెచ్చుగా చేయవచ్చును.

4. మార్జాలాసనము (2 నిమిషములు): చాపపై మోకాళ్ళు, అరచేతులు ఆనించి పిల్లివలె నిలువవలెను. ఊపిరి పీల్చుచు నడుమును క్రిందికి దించి తల ఎత్తవలెను. విడుచుచు వీపును పైకి గుండ్రముగా లేపి తల దించవలెను. మెల్లగా పది పర్యాయములు. నడుము నొప్పి గలవారు తక్కిన ఆసనములు చేయలేని దినమున కూడ దీనిని మాత్రము మెల్లగా చేయవచ్చును.

5. భుజంగాసనము (2 నిమిషములు): బోర్ల పరుండి అరచేతులు భుజముల ప్రక్కన ఉంచవలెను. ఊపిరి పీల్చుచు తల, ఛాతీ మాత్రమే పైకెత్తవలెను. బొడ్డు నేలను విడువరాదు. రెండు శ్వాసలు ఉండి దిగవలెను. నాలుగు పర్యాయములు. గర్భిణీస్త్రీలు దీనిని చేయరాదు.

6. శశాంకాసనము (1 నిమిషము): మోకాళ్ళు మడచి మడమలపై కూర్చుండి, ముందుకు వంగి నుదురు నేలకు ఆనించి చేతులు చాచవలెను. ఆరు శ్వాసలు విశ్రమింపవలెను. మోకాళ్ళ నొప్పి గలవారు పిరుదుల క్రింద మడచిన దుప్పటి ఉంచుకొనవలెను.

7. దీర్ఘశ్వాస (3 నిమిషములు): వెన్ను నిటారుగా ఉంచి కూర్చుండి, కన్నులు మూసికొని, ముక్కుతో మెల్లగా పీల్చి అంతకంటె మెల్లగా విడువవలెను. ఊపిరి బిగబట్టరాదు. ఇందువలన మనస్సు నెమ్మదించును. నిద్రకు కూడ ఇది సహాయకారి. పొగ నిండిన పొయ్యి గదిలో దీనిని చేయరాదు. అరుగుమీదనో, తలుపు తెరచిన గదిలోనో చేయవలెను.

డిసెంబరు, జనవరి నెలలలో చలి హెచ్చుగా ఉండును. బిగుసుకొనిన శరీరముతో వెంటనే వంగరాదు. ముందుగా ఇంటిముందు రెండు మూడు నిమిషములు చేతులూపుచు నడచి ఒళ్ళు వేడెక్కించుకొనవలెను.

తోటలో రెండు నిమిషములు

కోత జరుగుచున్నపుడు ప్రతి గంటకో, సంచి నిండిన ప్రతిసారియో రెండు నిమిషములు ఆగుట మంచిది. సంచి దించి, చదునైన చోట నిలిచి, చేతులు నడుముపై ఉంచి ఐదు పర్యాయములు వెనుకకు వంగవలెను. భుజములను ముందుకు, వెనుకకు గుండ్రముగా త్రిప్పవలెను. గడ్డము ఛాతీకి ఆనించి మెడకు విశ్రాంతి ఇయ్యవలెను. తరువాత ఏటవాలున నిలుచు కాళ్ళను మార్చుకొనవలెను. ఇంతవరకు కుడికాలు ఎగువనుండిన ఇప్పుడు ఎడమకాలు ఎగువకు రావలెను. కొన్ని గుక్కలు నీరు త్రాగవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి: బరువు ఎత్తు పద్ధతి సరిగా లేనిచో ఆసనములు రక్షింపజాలవు. నడుము వంచి సంచిని లాగరాదు. సంచి దగ్గరకు వచ్చి, మోకాళ్ళు వంచి, సంచిని ఒంటికి ఆనించుకొని లేవవలెను. ఒక పెద్ద సంచికంటె రెండు చిన్న సంచులు మేలు. కావిడి భుజమును దారిలో మార్చుచుండవలెను.

ఎప్పుడు ప్రారంభింపవలెను?

పరిశోధనలలో మేలు కనబడుటకు సుమారు మూడు నెలలు పట్టినది. కనుక నవంబరులో నడుము పట్టిన తరువాత ప్రారంభించిన ప్రయోజనము తక్కువ. ఎరువు పైరు వేయకముందే తోలుకొందుము కదా! అట్లే కోతకు మూడు నెలలు ముందుగా, ఆగష్టులో వరినాట్లు ముగిసిన వెంటనే ప్రారంభింపవలెను.

మొదటి రెండు వారములు 1, 2, 4, 7 సంఖ్యల అభ్యాసములు మాత్రమే చేయవలెను. మూడవ వారము నుండి అన్నియు చేయవచ్చును. కోత ముమ్మరముగా సాగు దినములలో తీరిక లేకున్నచో 4, 7 మాత్రమైనను విడువరాదు. ఒక దినము తప్పినచో మరునాడు రెండింతలు చేయవలదు. మామూలుగానే కొనసాగింపవలెను.

ఫలితము తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. అభ్యాసము చేసిన ప్రతిదినము గోడపై బొగ్గుతో ఒక గీత గీయవలెను. నడుము నొప్పివలన పని మానిన దినమున చుక్క పెట్టవలెను. మూడు నెలల తరువాత గీతలు, చుక్కలు లెక్కించినచో తమకు ఎంత మేలు కలిగినదో ఎవరికి వారే తెలిసికొనగలరు.

జాగ్రత్తలు

ఈ క్రింది సందర్భములలో ఆసనములు మాని వెంటనే ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో తెలిపి ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళవలెను:

– చలి, జ్వరము కలిగినపుడు. మన్యములో జ్వరమును మలేరియాగా అనుమానించి ఆ దినమే రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఏ ఆసనమువలనను మలేరియా తగ్గదు.

– నొప్పి నడుము నుండి కాలిలోనికి దిగి తిమ్మిరి, బలహీనత కలిగినపుడు. మలమూత్రములపై పట్టు తప్పినపుడు.

– చెట్టు, గట్టు మీదనుండి పడిన తరువాత వెన్ను నొప్పి కలిగినపుడు.

– రాత్రివేళ తగ్గని వెన్నునొప్పితోపాటు బరువు తగ్గుట, సాయంకాలపు జ్వరము ఉన్నపుడు. ఇది క్షయవ్యాధి కావచ్చును.

సికిల్ సెల్ రక్తహీనత గిరిజన ప్రాంతములలో హెచ్చుగా కనబడు వ్యాధి. దీని నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1న జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఈ వ్యాధి గలవారు అలసిపోవునట్లు ఏ వ్యాయామమును చేయరాదు, చలిలో చేయరాదు, నీరు తగినంత త్రాగవలెను, వైద్యుని సలహా తీసికొనిన తరువాతనే తేలికయైన అభ్యాసములు చేయవలెను. రక్తపోటు, గుండెజబ్బు గలవారును, గర్భిణీస్త్రీలును వైద్యుని సలహా పొందవలెను. కల్లు, సారా త్రాగిన స్థితిలో ఆసనములు వేయరాదు. నొప్పి మాత్రలను దుకాణములో కొని దినదినము మింగు అలవాటు మూత్రపిండములకు, కడుపునకు హాని చేయును, దానిని మానుకొనవలెను.

గూడెములో కలిసి చేయుట

ఒంటరిగా చేయు అభ్యాసము త్వరగా ఆగిపోవును. పదిమంది కలిసినచో నిలుచును. మన్యపు ప్రజలకు ఈ సంగతి క్రొత్తది కాదు. ధింసా ఆడునపుడు ఒకరి వీపున ఒకరు చేయి వేసి అడుగులు కలుపుదురు. అడుగు తప్పినవారిని ప్రక్కవారే సవరింతురు. అదే రీతిని కోతకు కలిసి వెళ్ళు వారు పనికి బయలుదేరుముందు ఒక చోట చేరి ఈ ఏడు అభ్యాసములు చేయవచ్చును. ఆశ్రమ పాఠశాలలో యోగాసనములు నేర్చిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు పెద్దలకు చూపవచ్చును.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత. నడుము విషయములో ఈ సామెతకు భయపడనవసరము లేదు. 50, 60 ఏండ్లు దాటినవారు కూడ మెల్లగా, ప్రతిదినము చేసినచో కొంత సాగుదల తప్పక పొందగలరు. అయితే వారు చేతికి ఆధారముగా ఒక స్తంభమునో, గోడనో పట్టుకొనవలెను.

అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గింజ పేరు దేశదేశములకు వ్యాపించినది. ఆ గింజను ఒక్కొక్కటిగా కోయు చేతులు, ఆ చేతులను మోయు నడుము గట్టిగా ఉన్ననాడే ఆ పేరు నిలుచును. రైతు సోదరులు, సోదరీమణులు ఈ ఏడు నాట్లు ముగిసిన మరునాడే చాప పరచి ప్రారంభించి, కోత కాలమునకు సిద్ధముగా ఉండగలరని ఆశింపబడుచున్నది.